రెండు సంచులతో పెనుకొండకు

పాకాల నుంచి వచ్చే మీటరుగేజి బండి ధర్మవరం చేరేసరికి పొద్దున ఎనిమిది దాటింది. నా దగ్గర రెండు సంచులు ఉండినాయి. ఒకటి నాది, ఒకటి నా స్నేహితునిది. రెండూ ఒకే ఖాకీ గుడ్డతో, ఒకే దర్జీ చేత, వీపుకు తగిలించుకునేట్టు పట్టీలు పెట్టించి కుట్టించినవి. ఏడు నెలల కిందట ఇదే ప్లాట్‌ఫారం మీద చెరొకటి తగిలించుకుని బండెక్కినాము. ఇప్పుడు నాది వీపున ఉంది, వానిది పొట్ట మీద పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాను. వాడు మలయాలో చనిపోయి అప్పటికి పది వారాలు. ఆ సంగతి మన దేశంలో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

మా ఊరు హిందూపురం. నేరుగా హిందూపురానికి టికెట్టు తీసుకుని, ఇంట్లో పడి ఏడ్చి, మా నాయనను ముందు పెట్టుకుని పోయి ఉంటే ఆ పని కొంచెం సులువయ్యేదేమో. మద్రాసులో ఓడ దిగినప్పటి నుంచి అట్లాగే చేద్దామనుకుంటూ వచ్చినాను. టికెట్ల కిటికీ దగ్గర నా వంతు వచ్చినాక నోట్లోంచి "పెనుకొండ" అని వచ్చింది. బెంగుళూరు దారిలో హిందూపురం కన్నా ముందు పెనుకొండ వస్తుంది. వాని అక్క ఉండేది అక్కడ.

వాడు గొర్రెలు మేపే ఇంటి పిల్లోడు. నాయన వాడు పుట్టిన ఏడాదికే పోయినాడు, అమ్మ అయిదో ఏట పోయింది. వాని కన్నా పన్నెండేండ్లు పెద్దది అక్క. ఆమెకు పెండ్లయిన రెండేండ్లకు మొగుడు పాము కరిచి చనిపోతే, తిరిగి పుట్టింటి కొట్టంలోకి వచ్చి తమ్ముణ్ణి పెంచుకుంది. పెనుకొండ కొండ కింద, కోటగోడ రాళ్ళు దొర్లిపడిన చోట ఉండేది ఆ కొట్టం. ఉన్ని ఏకడం, వడకడం ఆడవాళ్ళ పని, కంబళి నేయడం మగవాళ్ళ పని వాళ్ళలో. ఇంట్లో మగదిక్కు లేదని ఈమె తానే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూచుంది. చుట్టుపక్కల వాళ్ళు మొదట్లో నవ్వినారంట. ఆ కంబళ్ళు అమ్మి, వాణ్ణి అనంతపురం కాలేజీ దాకా చదివించింది. హాస్టల్లో నా పక్క మంచం వానిది.

ఇద్దరికీ ధర్మవరంలో ఒకే బడిలో ఉద్యోగాలు దొరికినాయి. నేను చరిత్ర చెప్పేవాణ్ణి, వాడు డ్రాయింగ్ మాస్టరు. సాయంత్రాలు పట్టుచీరలు నేసేవాళ్ళు మా గది ముందు కూచునేవాళ్ళు, అంచులకు కొత్త బొమ్మలు గీయించుకోవడానికి. గళ్ళ కాగితం మీద హంసను గీస్తే ఆ హంస ఏ పోగు దగ్గర మెడ తిప్పాలో కూడా లెక్క కట్టి ఇచ్చేవాడు. వానికి ధర్మవరం చాలు. నెలకోసారి పెనుకొండకు పోయి అక్క చేతి సంగటి తిని వస్తే చాలు. దేశాలు చూడాలని ఉండింది నాకు. బర్మాలో పగాన్ గుడులు, సయాం, అంగ్కోర్ వాట్, ఇవన్నీ పుస్తకాల్లో చదివి చదివి పిచ్చి పట్టి ఉండినాను. ఒక్కణ్ణి పోవడానికి ధైర్యం చాలక వాణ్ణి లాగినాను. ఏడాది సెలవు పెట్టినాము.

బయలుదేరే ముందు ఇద్దరం పెనుకొండకు పోయినాము. అక్క వానికొక కొత్త కంబళి నేసి ఉంచింది. వాడు బావి దగ్గర స్నానం చేస్తుండగా నన్ను పక్కకు పిలిచింది.

"వానికి కొత్త తావున కూడు పోదప్పా. సిగ్గు. ఇంకొంచెం పెట్టమని నోరు తెరిచి అడగడు. నువ్వే అడిగి పెట్టించల్ల."

"నాకు అప్పజెప్పినావు గదక్కా. నేను చూసుకుంటా" అన్నాను.

ఆమెకు చదువు రాదు. అందుకని వాడు ఎక్కడి నుంచి కార్డు రాసినా ఒక మూల చిన్న బొమ్మ గీసేవాడు. మద్రాసు నుంచి ఓడ బొమ్మ, రంగూన్ నుంచి పెద్ద పగోడా బొమ్మ. మాటలు పోస్టుమాన్ చదువుతాడు, బొమ్మ మాత్రం అక్క తానే చదువుకుంటుంది అనేవాడు.

రంగూన్‌కు ఓడ డెక్కు మీద పోయినాము. రేవులో దిగగానే తెలుగు వినబడింది. మూటలు మోసేవాళ్ళు, పడవలు నడిపేవాళ్ళు సగం మంది మన కోస్తా నుంచి పోయినవాళ్ళే. వాళ్ళ సత్రంలోనే దిగినాము. మాండలే పోయినాము, అక్కడి నుంచి నది మీద స్టీమరులో పగాన్ పోయినాము. ఎర్రమన్ను మైదానంలో, కంటికి ఆనినంత దూరం ఇటుక గుడులు. మా అనంతపురం సీమ లాంటి ఎండిన నేలే, వాన లేని నేలే. వాడు అది చూసి "ఇదేమబ్బా, మన ఊర్లో గుట్టకొక గుడి కట్టినట్టుండాది" అని నవ్వినాడు. రెండు వారాలు పొద్దున నుంచి సాయంత్రం దాకా గీసినాడు. వాణ్ణి అంత సంతోషంగా నేను చూసింది ఆ రెండు వారాలే. నేను లాక్కొచ్చినందుకు మంచే జరిగిందని లోపల గర్వపడినాను.

రంగూన్‌కు తిరిగొచ్చినాక వానికి జ్వరం తగిలింది. సత్రంలో ఎనిమిది రోజులు పడుకున్నాడు. తొమ్మిదో రోజు జ్వరం విడిచింది. గోడ పట్టుకుని లేచి వచ్చి మెట్ల మీద నా పక్కన కూచున్నాడు. కంబళి కప్పుకునే ఉన్నాడు.

"ఒరే, నాలుగు దినాల్లో మద్రాసుకు స్టీమరు ఉండాదంట. పోదామా?"

"యాడికి, ఇంటికా?"

"ఊ. నాకెందుకో ఒళ్ళు పట్టు దొరకలేదబ్బా. అక్కను చూడల్లనిపిస్తాంది."

ఆ మాటకు నేను ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "జ్వరం విడిచింది గదరా. ఇంకొక్క నెల. అంగ్కోర్ చూడకుండా తిరిగిపోతే మనం ఇల్లు విడిచింది ఎందుకు? పగాన్‌లోనే ఇంత గీసినావు, ఆడికి పోతే నీ చెయ్యి ఆగుతుందా?" అన్నాను. ఇంకా ఏవేవో చెప్పినాను. నాకు మాటలు బాగా వస్తాయి, వానికి రావు. కాళ్ళ కేసి చూసుకుంటూ, "సరేలే. నువ్వు పోదామంటే పోదాం" అన్నాడు. ఆ రోజు సాయంత్రమే పోయి మలయాలోని పెనాంగ్ ఓడకు రెండు టికెట్లు తెచ్చినాను. వాడు మళ్ళీ ఇంటి మాట ఎత్తలేదు.

పెనాంగ్ నుంచి సయాం సరిహద్దుకు రైలు. ఆ రైల్లో మళ్ళీ జ్వరం వచ్చింది. ఈసారి ఒళ్ళు కాలిపోతూ ఉంది, నన్నే గుర్తుపట్టడం లేదు. దారిలో ఒక చిన్న ఊర్లో దింపి, స్టేషన్ వాళ్ళ సాయంతో ఆస్పత్రిలో చేర్పించినాను. టైఫాయిడ్ అన్నారు, తిరగబెట్టింది అన్నారు. పక్క మంచంలో రబ్బరు తోటలో పనిచేసే ఒకాయన ఉండినాడు, కాలు విరిగి. ఆయన భార్య విశాఖపట్నం వైపు మనిషి. నేను వానితో మాట్లాడే తెలుగు విని దగ్గరికి వచ్చింది.

"ఏ ఊరు బాబూ మీది? ఈ కుర్రోడికేటయ్యింది?" అని అడిగి, నేను చెప్పకముందే వాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఆ రోజు నుంచి మొగుడికి తెచ్చే గంజిలోంచి వానికీ తెచ్చి తాగించేది. ఒకరోజు తెలివి వచ్చినప్పుడు వాడు "సంగటి ముద్ద ఒక్కటి ఉంటే బాగుండు" అన్నాడు. ఆమె ఆ తోట కూలీలుండే లైన్లలో అడిగి అడిగి ఎక్కడో రాగిపిండి సంపాదించి అంబలి కాచి తెచ్చింది. నాలుగు గుక్కలు తాగినాడు. "బాగుండాదమ్మా" అన్నాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం, బయట వాన పడుతుండగా, వాడు పోయినాడు. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకునే ఉన్నాను. అయినా ఎప్పుడు పోయినాడో నాకు తెలియలేదు, ఆమె వచ్చి చూసి చెప్పింది.

తోట నుంచి ఆరుగురు మగవాళ్ళు వచ్చినారు. "ఎలాగ సేద్దాం బాబూ?" అని అడిగినారు. మా ఇండ్లల్లో ఎట్లా చేస్తారో అట్లాగే చెప్పినాను. కాల్చినాము. చల్లారినాక ఆమె ఒక బిస్కెట్ డబ్బాలో కొంచెం బూడిద, ఎముకలు పెట్టి మూతకు గుడ్డ చుట్టి నా చేతికిచ్చింది. "వోళ్ళ వోళ్ళకి సేర్చు బాబూ" అంది.

ఆ ఊరి పోస్టాఫీసుకు టెలిగ్రాం ఇవ్వడానికని పోయినాను. ఫారం చేతిలో పట్టుకుని నిలబడినాను. పెనుకొండలో పోస్టుమాన్ దాన్ని తీసుకుని ఆ కొట్టం ముందుకు పోతాడు, ఆమె మగ్గం గుంతలోంచి తలెత్తి చూస్తుంది, అతను చదువుతాడు. అక్కడి దాకా అనుకుని ఫారం అక్కడే పెట్టేసి బయటికి వచ్చినాను. వెనక్కి తిరగలేదు. సయాం బండి ఎక్కినాను. అంగ్కోర్‌కు పోయినాను. వాని కోసం చూడాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. వెనక్కి పోతే చెప్పాలి. ముందుకు పోతున్నంతసేపు చెప్పనక్కర్లేదు. అంతే.

అంగ్కోర్‌లో ఏం చూసినానో నాకు తెలియదు. ఒక తడి రాతిమెట్టు మీద కూచున్నాను, చీమలు వరసగా పోతున్నాయి. అదే గుర్తుంది. తిరుగుదారిలో బ్యాంకాక్ నుంచి అక్కకు కార్డు రాసినాను. "ఇద్దరమూ కులాసా. త్వరలో వస్తాము" అని.

పెనుకొండ స్టేషన్లో దిగేసరికి ఎండ ఎక్కింది. ఊర్లోకి నడిచే వచ్చినాను. అక్క కొట్టం ముందర, కొయ్యలకు బిగించిన కంబళికి చింతగింజల గంజి పూస్తూ ఉంది. మోచేతుల దాకా గంజి. నన్ను చూసి ముఖమంతా నవ్వు అయింది. లేచి నిలబడి, నా భుజం మీదుగా దారి కేసి చూసింది.

"వాడేడప్పా? ఎవురితోనన్నా మాట్లాడతా నిలబడిండాడా? వాని సంచి గూడా నీతో మోపిచ్చినాడే, సోమరిపోతు."

ఆమె గబగబా చేతులు కడుక్కుంటూ, "ఉండు, నీళ్ళు తెస్తా. ముఖమేమి అట్లయింది నీకు? ఇద్దరూ ఎండకు నల్లగై ఉంటారనుకుంటి. వానికి పిల్లను చూసినా తెలుసునా, బుక్కపట్నంలో. చెరువు కింద రెండెకరాల మడి ఉండాది వాళ్ళకు. పిల్ల బాగుండాది. వాడు రానీ అని చెప్పి పెట్టినా" అంటూ లోపలికి పోయి చెంబుతో బయటికి వచ్చింది.

"అక్కా, వాడు రాడు" అన్నాను.

"రాకేమి? ధర్మవరంలోనే ఉండిపోయినాడా?"

"వాడు లేడక్కా."

ఆమె చెంబు నాకియ్యలేదు, కింద పెట్టలేదు. అట్లాగే పట్టుకుని అడిగింది. "యాడ?"

"మలయాలో. జ్వరం వచ్చి."

"అది యాడుండాది?"

"సముద్రానికి అవతల."

"ఎన్ని దినాలైంది?"

"పది వారాలు."

ఆమె వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నది. చెంబు గట్టు మీద పెట్టి లోపలికి పోయింది. వాసానికి చెక్కి ఉంచిన కార్డులన్నీ తీసుకుని వచ్చింది. ఒక్కొక్కటే చూసి పక్కన పెట్టింది. ఓడ, పగోడా, నది మీద పడవ, కుండ మోసుకుపోయే బర్మా ఆడమనిషి. చివరి కార్డు నా ముందుకు చాపింది.

"ఇది వచ్చి నెలా పదైదు దినాలైంది. దీంట్లో ఇద్దరూ బాగుండారని పోస్టాయన చదివినాడు. ఎవురు రాసింది?"

"నేను."

"అప్పటికి వాడు లేడా?"

"లేడక్కా."

"దీంట్లో బొమ్మ లేదే అనుకుంటానే ఉంటి. దినామూ తీసి చూస్తా ఉంటి. అలిసిపోయి గీయలేదేమోలే అనుకుంటి" అంది. అప్పటికి గానీ ఆమెకు ఏడుపు రాలేదు. ఆ కార్డును పట్టుకునే కూలబడింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చినారు. నేను గోడవారకు జరిగి, సంచి పట్టుకుని నిలబడినాను. నా చుట్టూ ఏడుస్తున్నారు, నాకు ఒక్క చుక్క కన్నీళ్ళు రాలేదు.

కొంచెంసేపటికి ఆమె మళ్ళీ అడిగింది. ఎవరు నీళ్ళు పోసినారు, ఏం తిన్నాడు, నొప్పి అన్నాడా. అంబలి తెచ్చిన ఆమె గురించి చెప్తే, "ఏ తల్లి బిడ్డో, ఆమె చల్లగుండల్ల" అని దండం పెట్టింది. తర్వాత "యాడ పూడిస్తిరి?" అని అడిగింది.

నేను సంచిలోంచి డబ్బా తీసినాను. ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది.

"కాలిస్తిరా?" అంది. "మాలో కాల్చరు గదప్పా. పూడుస్తారు. నీకు తెలియదా?"

నాకు తెలియదు. ఆరేండ్లు ఒకే గదిలో ఉన్నాము, ఒకే కంచంలో తిన్నాము. వాళ్ళ ఇంట్లో చనిపోయినవాళ్ళను ఏం చేస్తారో నేను ఎప్పుడూ అడగలేదు.

పొద్దు వాలక ముందే కొండ కింద, వాళ్ళ అమ్మా నాయనలను పూడ్చిన చోటికి పోయినాము. పొరుగింటాయన పార తీసుకుని వచ్చినాడు. ఆమె పార తానే అడిగి తీసుకుంది. నేను చెయ్యి చాపితే ఇయ్యలేదు. రాతినేల, తవ్వితే ఖణేల్ ఖణేల్‌మని మోగింది. చంటిబిడ్డకు తవ్వినంత గుంత తవ్వింది. డబ్బాను కంబళిలో చుట్టి లోపల పెట్టింది. అది వాడు వెంట తీసుకుపోయిన కంబళే, నేను సంచిలో మడిచి తెచ్చినాను. మన్ను కప్పి, పైన రాళ్ళు పేర్చి, చేతులు దులుపుకోకుండానే నా వైపు తిరిగింది.

"ఇంటికొస్తానని అనలేదా వాడు? ఒక్కసారన్నా?"

"లేదక్కా" అన్నాను. "వానికి ఆడ చానా బాగుండింది. సంతోషంగా ఉండినాడు."

"పోనీలే" అంది ఆమె. "పోనీలే. సంతోషంగా ఉన్నింటే చాలు."

మరుసటి రోజు పొద్దున హిందూపురం చేరినాను. మా నాయన వాకిట్లో కూచుని, చెరకు తోట మనుషులతో మాట్లాడుతూ ఉండినాడు. నన్ను చూసి లేచి, "ఆ పిల్లోడు ఏడి?" అని అడిగినాడు. చెప్పినాను. తలగుడ్డ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని కూచున్నాడు. "ఇంటికి రాకుండా ముందు ఆ పిల్లోని అక్క దగ్గరికి పోయినావు. మంచి పని చేసినావు" అన్నాడు. ఆ రోజు నుంచి చుట్టాలు, తెలిసినవాళ్ళు అందరూ అదే మాట అన్నారు. స్నేహమంటే ఇది అన్నారు. నేను తల వంచుకుని విన్నాను. కాదని అనలేదు.

సెలవు అయిపోయినాక ధర్మవరం బడిలో చేరినాను. వాని స్థానంలో వేరే డ్రాయింగ్ మాస్టరు వచ్చినాడు. సాయంత్రం అప్పుడప్పుడు సంగతి తెలియనివాళ్ళు ఎవరో ఒకరు తాడిమర్రి నుంచో ఇంకెక్కడి నుంచో వచ్చి, మా గది తలుపు తట్టి, అంచు బొమ్మ కావాలని అడిగేవాళ్ళు. నేనే బయటికి వచ్చి చెప్పేవాణ్ణి.

నెలకోసారి ఆదివారం పెనుకొండకు పోయేవాణ్ణి, వాడు పోయినట్టే. అక్క సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి పెట్టేది. నేను చాలంటే వినేది కాదు, ఇంకో ముద్ద వేసేది. మొదటి ఏడాది ఇద్దరం ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం కాదు. రెండో ఏడాది నుంచి ఆమె వాని చిన్నప్పటి సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. బొగ్గుతో గోడంతా గొర్రెలు గీసి దెబ్బలు తిన్న సంగతి, గొర్రెపిల్లను బడికి ఎత్తుకుపోయిన సంగతి. చెప్తూ నవ్వేది కూడా. కొత్తవాళ్ళు ఎవరన్నా వస్తే నన్ను చూపించి "మా తమ్ముడు" అనేది. ఆ మాట అన్న ప్రతిసారీ రంగూన్ సత్రం మెట్లు నాకు కనబడేవి. చెప్పాలి, చెప్పాలి అని రైల్లో అనుకుంటూ పోయి, తిని, తిరిగి వచ్చేవాణ్ణి. అట్లా ఆరేండ్లు గడిచినాయి.

నాకు పెండ్లి కాలేదు. వచ్చిన సంబంధాలన్నీ వద్దంటూ ఉండినాను. పందొమ్మిది వందల అరవై దాటి రెండు మూడేండ్లయింది. ఒక ఆదివారం అక్క వాకిట్లో ఉన్ని వడుకుతూ, ఉండుండి ఆ మాట తీసింది.

"మీ నాయన మనిషితో చెప్పి పంపినాడప్పా. నేను చెప్తేనన్నా వింటావంట. ఏల చేసుకోవు పెండ్లి?"

"నాకు ఇష్టం లేదక్కా."

"నాకు తెలుసులే. వాడు పోయి నువ్వు మిగిలితివని నీ బాధ. నీ తప్పేముండాది దాంట్లో? వాడు ఇష్టపడి వచ్చినాడు, ఇష్టంగా తిరిగినాడు, వాని రాత అంతే. నువ్వేమన్నా వద్దంటే లాక్కపోయినావా? చేసుకోప్పా. నీ బిడ్డల్ని ఎత్తుకుంటే నాకు గూడా ఊపిరి ఆడతాది."

ఇంక ఓర్చుకోవడం నా వల్ల కాలేదు.

"అక్కా, రంగూన్‌లో వాడు ఇంటికి పోదామన్నాడు" అన్నాను.

కదురు ఆగింది. నేను ఆగకుండా చెప్పినాను. మొదటి జ్వరం, మెట్ల మీద వాడు అడిగిన మాట, నేను చెప్పిన మాట, సాయంత్రం తెచ్చిన టికెట్లు. ఆమె నా ముఖం చూడకుండా వినింది.

"స్టీమరు ఉన్నిందా?" అని అడిగింది.

"ఉన్నింది. నాలుగు దినాల్లో."

"అదెక్కి ఉంటే ఎన్ని దినాలకు ఈడికి చేరుతుండె?"

"వారం, పది దినాలు."

"అంటే చేరుతుండె."

నేను తల ఊపినాను.

"నన్ను చూడల్లన్నాడా?"

"అన్నాడక్కా."

"కొండ కింద నేను అడిగినప్పుడు లేదంటివే."

"అవునక్కా."

ఆమె కదురును, ఉన్నిని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. చాలా నెమ్మదిగా అంది. "ఆరేండ్లు నా చేతి కూడు తింటివి గదప్పా."

లేచి లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసింది. గడియ వేయలేదు. తోస్తే తెరుచుకునేది. నేను తోయలేదు. సాయంత్రం బండి వేళ దాకా ఆ వాకిట్లో కూచుని, లేచి వచ్చినాను.

మరుసటి నెల పోతే మగ్గం గుంతలో ఉంది. నేను వాకిట్లో నిలబడి "అక్కా" అన్నాను. పోగుల మధ్య నాడె అటూ ఇటూ పోతూనే ఉంది. పైనెల పోతే కొట్టానికి తాళం. పొరుగింటాయన చెప్పినాడు, మొగుని తరపు వాళ్ళు నంబులపూలకుంట వైపు ఒక పల్లెలో ఉన్నారని, వాళ్ళ దగ్గరికి పోయిందని, మగ్గం కూడా విప్పేసిందని. "ఏమైందప్పా? నీతో ఏమన్నా మాట వచ్చిందా?" అని అడిగినాడు. వచ్చిందని చెప్పినాను.

ఏడాది ఆగినాను. ఆ మరుసటి పంట కాలంలో కదిరిలో రైలు దిగి, బస్సు పట్టుకుని ఆ పల్లెకు పోయినాను. వానలు సరిగా పడని ఏడు, చేన్లు పలచగా ఉండినాయి. రోడ్డు పక్క చేనులోనే ఆడవాళ్ళు వరసగా కూచుని, పీకిన వేరుశనగ చెట్లకు కాయలు తెంపుతూ ఉండినారు. ఆమెను దూరం నుంచే గుర్తుపట్టినాను. తల సగం నెరిసింది. నన్ను చూసి కొంగుతో చేతులు తుడుచుకుంటూ గట్టు దగ్గరికి వచ్చింది.

"వచ్చినావా" అంది. చెట్టు నీడలో పెట్టిన కుండలోంచి లోటాతో నీళ్ళు ముంచి ఇచ్చింది. తాగినాను. ఏం మాట్లాడాలని పోయినానో అదంతా మరిచిపోయినాను.

"నన్ను తిట్టక్కా" అన్నాను.

"తిట్టల్లని లేదప్పా నాకు. మొదట్లో ఉన్నింది, ఇప్పుడు లేదు" అంది. "పెండ్లి చేసుకున్నావా?" అని అడిగింది. లేదన్నాను.

"చేసుకో. నా దగ్గరికి మాత్రం ఇంక రావద్దు. కోపం పెట్టుకుని చెప్తాండా అనుకోవద్దు. ఇప్పుడు నువ్వు బస్సు దిగి వస్తాంటే గూడా నేను నీ పక్కనే చూసినా. నిన్ను చూసినప్పుడల్లా నా కండ్లు నీ పక్కకే పోతాయి. ఆడ వాడుండడు. నాకు చేతకావడం లేదు."

వరసలోంచి ఎవరో ఆమెను పిలిచినారు. ఆమె నా చేతిలోంచి లోటా తీసుకుని, "ఎండగా ఉండాది, ఆ చింతచెట్టు కింద నిలబడు. బస్సు ఈడనే ఆపుతారు" అని చెప్పి వెళ్ళిపోయింది. తన చోట కూచుని మళ్ళీ కాయలు తెంపడం మొదలుపెట్టింది. బస్సు రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆమె ఒక్కసారి కూడా తలెత్తలేదు.

ఆ ఊరికి నేను మళ్ళీ పోలేదు. ఇంకెక్కడికీ కూడా పోలేదు. ధర్మవరం బడిలోనే పిల్లలకు చరిత్ర చెప్పుకుంటూ ఉండిపోయినాను. పాఠంలో అంగ్కోర్ వచ్చినప్పుడు, నేను ఆ చోటు చూసినానని పిల్లలకు చెప్పేవాణ్ణి కాదు.